కొట్టేసిన ఊపిరి

గురువారం. సాయంత్రం అయిదూ పది.

అడవి నడుమ ముప్ఫై మీటర్ల ఇనుప టవర్. దాని కాలికి తల ఆనించి ఒక మనిషి పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. ఒళ్లు చల్లబడింది.

ముందు చూసింది డ్రైవర్. రోజూలాగే అయిదింటికి మలుపు దగ్గర వ్యాన్ ఆపి రెండు హారన్లు కొట్టాడు. ఎవరూ రాలేదు. ఇంకో రెండు కొట్టాడు. విసుక్కుంటూ అరకిలోమీటరు లోపలికి నడిచాడు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం నడవలేదు, పరుగెత్తాడు.

చనిపోయిన మనిషి ఆ పరిశోధన కేంద్రంలో టెక్నీషియన్. యాభై ఎనిమిదేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆ టవర్ ఎక్కుతూ దిగుతూ ఉన్నాడు. చిన్నా పెద్దా అందరికీ టవర్ బాబాయి.

ఆరుంబావుకి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఆయనకి డిపార్ట్‌మెంట్‌లో ఒక ముద్దుపేరు ఉంది. ‘ఎందుకుగారు’. టీలో చక్కెర తగ్గితే ఎందుకని అడుగుతాడు. ఎక్కువైనా అడుగుతాడు. కిందివాళ్లకి ప్రాణం విసిగిపోతుంది. పైవాళ్లకి అంతకన్నా ఎక్కువ విసుగు. అందుకే అడవుల పక్కన ఉన్న ఈ స్టేషన్‌కి వచ్చిపడ్డాడు.

ఇంకా వెలుతురుంది. ఇన్‌స్పెక్టర్ టవర్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

తల పక్కన జానెడు దూరంలో ఒక సన్నటి గొట్టం నేలలోంచి పైకి లేచి ఉంది. అలాంటివే టవర్ పొడవునా పైదాకా ఉన్నాయి. పక్కనే చిన్న పరికరాల గది. గడప మీద కడిగి బోర్లించిన టిఫిన్ బాక్స్. తలుపు వెనక మేకుకి సేఫ్టీ బెల్ట్.

డైరెక్టర్ అప్పటికే జీపులో వచ్చేశాడు. నెమ్మదస్తుడు. కళ్లజోడు తీసి తుడుస్తూ, బాబాయి బెల్ట్ పెట్టుకోకుండా ఎక్కాడని, ఎన్నిసార్లు చెప్పినా వినడని అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. పోయినేడు బాబాయి భార్య పోయిందట. అప్పట్నుంచీ మనిషి మనిషిలా లేడట.

అంటే దూకాడంటారా అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

“నేననలేదండీ. కానీ బెల్ట్ మేకుకే ఉంది కదా.”

ఇన్‌స్పెక్టర్ బెల్ట్‌ని చేత్తో తడిమాడు. మడతలు ఇంకా విడలేదు. చెమట మరక ఒక్కటీ లేదు.

“రోజూ పెట్టుకునేది ఇదేనా?”

“అదే.”

ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్‌లో రెండు మాటలు రాసుకున్నాడు.

డాక్టర్ మర్నాడు చెప్పాడు. తుంటి ఎముక, నాలుగు పక్కటెముకలు విరిగాయి. లోపల రక్తం కారింది. ప్రాణం పోయింది మూడుకీ అయిదుకీ మధ్య. పడగానే పోయాడా, కాసేపు ఉన్నాడా అంటే ఖాయంగా చెప్పలేనన్నాడు.

శుక్రవారమంతా ప్రశ్నలే.

ఆ రోజు టవర్ దగ్గరికి వెళ్లింది ముగ్గురే. బాబాయి, డ్రైవర్, డైరెక్టర్.

డైరెక్టర్ లెక్క గీత గీసినట్టుంది. పదకొండింటికి తన జీపు తనే నడుపుకుంటూ వెళ్లాడు. పైన ఉన్న గొట్టానికి ఫిల్టర్ మార్చాలని బాబాయికి చెప్పాడు. పన్నెండున్నరకి బయలుదేరాడు. నలభై కిలోమీటర్ల అవతల పట్నంలో పెద్దాఫీసు. అక్కడ మూడున్నర మీటింగ్‌లో ఆరుగురి మధ్య కూర్చున్నాడు. అయిదున్నరకి డ్రైవర్ ఫోన్ వచ్చేదాకా గది దాటలేదు. ఆరుగురూ అదే మాట చెప్పారు.

ఫోన్ వచ్చింది అయిదున్నరకి. ఆరుంబావుకల్లా డైరెక్టర్ టవర్ కింద ఉన్నాడు. జీపు ఎంత వేగంగా తోలాడో, పన్నెండున్నరకి బయలుదేరితే పట్నం ఎప్పుడు చేరాలో ఇన్‌స్పెక్టర్ మనసులో లెక్కేసుకున్నాడు.

డ్రైవర్ లెక్క మాత్రం చిక్కుపడింది. పొద్దున ఎనిమిదిన్నరకి బాబాయిని దించాడు. తర్వాత క్వార్టర్స్‌లో నిద్రపోయానన్నాడు. చూసినవాళ్లు లేరు. పైగా పొద్దున ఇద్దరూ పోట్లాడుకున్నారు.

“ఎందుకు?”

“పొగ గురించండీ. మలుపు దాటి బండి తీసుకెళ్లకూడదు. ఆ గొట్టాలు పొగ పీల్చేస్తాయట. మెషీన్‌కి వాడే గ్యాస్ సిలిండర్ బరువుగా ఉందని పది గజాలు ముందుకి తీసుకెళ్లాను. నా మీద ఇంతెత్తున లేచాడు.”

“నువ్వేం చేశావు?”

“ఏం చేస్తానండీ, వెనక్కి తీశాను. బాబాయి అరిస్తే అరిచాడు గానీ, మా పాపకి జ్వరమొస్తే మూడు రోజులు ఆస్పత్రిలో కూర్చుంది ఆయనే.”

డ్రైవర్ ఏడ్చాడు. ఏడుపు సాక్ష్యం కాదు. ఇన్‌స్పెక్టర్ అతన్ని ఊరు దాటొద్దన్నాడు.

శనివారం బాబాయి కూతురు పోలీస్ స్టేషన్‌కి తనే వచ్చింది. ఇరవై ఆరేళ్లు. పెద్దాఫీసులో డేటా చూసే ఉద్యోగం. తండ్రి వారమంతా అడవిలో, కూతురు పట్నంలో. ఆదివారం ఒక్కటే ఇద్దరూ కలిసి అన్నం తినేవాళ్లు.

ఇన్‌స్పెక్టర్ ఓ పాతిక ప్రశ్నలు అడిగాడు. అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది. వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగింది.

“ఆఫీసులో అందరూ గుసగుసలాడుతున్నారు సార్. అమ్మ లేదని నాన్న కావాలనే పోయాడంటున్నారు. నేనున్నాను కదా. నన్ను వదిలేసి కావాలని పోయాడా? నాకు ఆ ఒక్కటీ చెప్పండి చాలు.”

ఇన్‌స్పెక్టర్ తెలీదమ్మా అన్నాడు. అన్నాక ఆ మాట తనకే నచ్చలేదు.

సోమవారం పొద్దున పదింటికి ఆయన పెద్దాఫీసుకి వెళ్లాడు.

డేటా గది గోడ నిండా గ్రాఫులు. అసలు ఇక్కడ ఏం కొలుస్తారని డైరెక్టర్‌ని అడిగాడు.

డైరెక్టర్ మొహం వెలిగింది. ఆకులకి కంటికి కనిపించనంత చిన్న నోళ్లుంటాయని మొదలుపెట్టాడు. ఆకు కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటుంది, కొంత తిరిగి వదిలేస్తుంది. మనకి తేలేది మిగిలిన లెక్క మాత్రమే, నిజంగా ఎంత తీసుకుందో తేలదు. దానికి ఇంకో వాయువు సాయం కావాలి. కార్బొనిల్ సల్ఫైడ్. లక్ష కోట్ల గాలి అణువుల్లో అది అయిదు వందలు కూడా ఉండదు. కానీ ఆకు దాన్ని తీసుకుంటే మరి తిరిగి ఇవ్వదు. అది ఎంత తగ్గిందో చూస్తే ఆకు నోరు ఎంత తెరిచిందో చెప్పొచ్చు. అడవి మొత్తం ఎలా ఊపిరి పీలుస్తోందో చెప్పొచ్చు.

ఆ అయిదు నిమిషాలూ ఆయన మంచి మాస్టారిలా ఉన్నాడు. అది నటన కూడా కాదు. తన పని మీద ఆయనకి నిజంగానే ప్రేమ.

ఇన్‌స్పెక్టర్ చూపు మాత్రం పోయిన వారం గ్రాఫు మీద ఆగింది. టవర్ కింది గొట్టానిది. సోమవారం ఒంటిగంటకి గీత మధ్యలో చిన్న ఖాళీ. మంగళవారం ఒంటిగంటకి ఖాళీ. బుధవారం కూడా. గురువారం ఒంటిగంటకి చిన్న ఖాళీ, దాని వెనకే చాలా పెద్ద ఖాళీ.

“ఇక్కడ గీత లేదు. ఎందుకు?”

“చెడ్డ డేటా అండీ. కొట్టేస్తాం.”

“చెడ్డదని ఎవరన్నారు?”

“డేటా చూసే అమ్మాయి. అంటే, బాబాయి కూతురే. మేం శుభ్రం చేసిందే చూస్తాం. ముడి లెక్క ఆ అమ్మాయి తప్ప ఎవరూ చూడరు.”

అది టవర్ కింది కంప్యూటర్‌లో ఏడు రోజులు ఉంటుందని, తర్వాత దాని మీదే కొత్తది ఎక్కిపోతుందని చెప్పాడు. అనవసరమైన సంగతి చెప్పినట్టు తేలిగ్గా చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. ఇంకా మూడు రోజులుంది.

మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఆ అమ్మాయి ఇంటికి వెళ్లాడు. రెండు గదుల ఇల్లు. తలుపు వెనక హ్యాంగర్‌కి తండ్రి ఆదివారం చొక్కా. ఇస్త్రీ చేసి ఉంది.

అమ్మాయి టీ పెట్టింది. ఒంటిగంట ఖాళీల గురించి అడిగితే, ఆ ఇంట్లో అయిదు రోజుల తర్వాత మొదటిసారి ఒక నవ్వు వచ్చింది.

“అది నాన్న సార్. టవర్ కాలికి ఆనుకుని కూర్చుని అన్నం తింటాడు. నీడ అక్కడే ఉంటుంది. పక్కనే గొట్టం. మనిషి ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ గాల్లోకన్నా వందరెట్లు ఎక్కువ. పొద్దుట్నుంచీ సాఫీగా వచ్చే గీత, ఒంటిగంట అయ్యేసరికి దువ్వెన పళ్లలాగా లేస్తుంది. ఒక్కో పన్నూ ఒక్కో ఊపిరి. అక్కడ కూర్చోవద్దని నేను, నువ్వు కొట్టేస్తావుగా అని నాన్న.”

రోజూ సాయంత్రం నాలుగున్నరకి ఆ రోజు లెక్క శుభ్రం చేస్తుందట. దువ్వెన కనిపిస్తే, నాన్న అన్నం తిన్నాడని తెలిసిపోతుందట. మనిషి ఊపిరి అడవి ఊపిరి కాదు కాబట్టి ఆ వరుసలు కొట్టేయాలి. కారణం రాయకుండా మాత్రం ఒక్క వరుసా కొట్టేయకూడదు. ఆ పాఠం చెప్పింది తండ్రే. అందుకని పక్క గడిలో ‘నాన్న. భోజనం.’ అని రాస్తుంది. నాలుగేళ్లుగా రాస్తోంది.

“గురువారం?”

“గురువారం కూడా తిన్నాడు సార్. ఒంటిగంటా రెండు నుంచి ఇరవై దాకా. ఆకలి మీద ఉన్నట్టున్నాడు, తొందరగా తినేశాడు.”

“తర్వాత?”

“తర్వాత కునుకు తీశాడు. ఎండ ఎక్కువైతే అక్కడే తలానించి పడుకుంటాడు. ఒంటిగంటా నలభై ఒకటి నుంచి మూడూ పద్దెనిమిది దాకా. ‘నాన్న. నిద్ర.’ అని రాశాను. లేచాక పైకెక్కి ఉంటాడు.”

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది.

టవర్ కాలికి తల ఆనించి ఉన్న మనిషిని ఆయన కళ్లారా చూశాడు.

అడగాల్సిన ప్రశ్న నోటిదాకా వచ్చింది. అడగలేదు. నోట్‌బుక్ మూశాడు. వస్తానమ్మా అని లేచాడు. గ్లాసులో టీ అలాగే ఉండిపోయింది.

జీపెక్కాక కానిస్టేబుల్‌కి రెండు పనులు చెప్పాడు. టవర్ కింది కంప్యూటర్‌ని పొద్దున్నే సీల్ చేయాలి. డైరెక్టర్ గదిలో బీరువా వెతకడానికి ఆర్డర్ తేవాలి. ఆ ముడి లెక్క చదవడానికి వేరే ఊరి నుంచి ఎవరినైనా పిలిపిద్దామనుకున్నాడు. ఎవరైనా సరే. ఆ అమ్మాయి కాకపోతే చాలు.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఆయన డేటా గదికి వెళ్లేసరికి లైటు వెలుగుతోంది. ఆ అమ్మాయి స్క్రీన్ ముందు కూర్చుని ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి. ముందు ఒక కాగితం. కాగితం నిండా అంకెలు.

“మీరు నిన్న ఎందుకు అని ఒక్కసారీ అడక్కుండా వెళ్లిపోయారు సార్. టీ కూడా తాగలేదు. తలుపేసుకున్నాక అర్థమైంది. నిద్రపోయిన మనిషి ఊపిరి అలా ఉండదు. ఆరింటికి వచ్చాను. టవర్ కంప్యూటర్ నుంచి ముడి లెక్క ఇక్కడికే దింపుకుని లెక్కపెట్టాను.”

ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు. మీరింటికి వెళ్లండమ్మా, మిగతాది నేను చూసుకుంటానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇది చదవడం తనకే వచ్చునని, తనే చదువుతానని అంది.

పదకొండింటికి అదే గదిలో అందరూ కూర్చున్నారు. డైరెక్టర్, డ్రైవర్, ఆ అమ్మాయి. తలుపు దగ్గర కానిస్టేబుల్, చేతిలో ఒక అట్టపెట్టె.

ఇన్‌స్పెక్టర్ సూటిగా మొదలుపెట్టాడు.

“డైరెక్టర్‌గారూ, మనందరం ఒక తప్పు చేశాం. బాబాయి మూడు తర్వాత పోయాడని డాక్టర్ చెప్పాడు. కాబట్టి మూడు తర్వాతే పడ్డాడనుకున్నాం. ఆ టైముకి మీరు మీటింగ్‌లో ఉన్నారు. చెప్పమ్మా.”

ఆ అమ్మాయి కాగితం చూసి చదివింది. డేటా చదివే గొంతు అది.

“ఒంటిగంటా నలభై ఒకటి. గీత ఒక్కసారిగా లేచింది. ఊపిరి చాలా వేగం, నిమిషానికి ముప్ఫై పైన. ఒంటిగంటా నలభై మూడు. ఒకటి కాదు, రెండు ఊపిర్లు. ఎవరో పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. నలభై ఏడుకి రెండో ఊపిరి వెళ్లిపోయింది.”

డ్రైవర్ తలెత్తి డైరెక్టర్ వైపు చూశాడు.

“ఒంటిగంటా యాభై ఎనిమిది. కార్బన్ మోనాక్సైడ్. అదే మెషీన్ దాన్ని కూడా కొలుస్తుంది, మేమెవరం చూడం. బండి పొగ వస్తే దానంతటదే కొట్టేస్తుంది. టవర్ కిందకి బండి వచ్చింది. రెండూ మూడు నుంచి తొమ్మిది దాకా మళ్లీ రెండు ఊపిర్లు. రెండూ పదకొండు. మళ్లీ పొగ. బండి వెళ్లిపోయింది.”

ఆమె కాగితం తిప్పింది.

“అక్కణ్నుంచి ఒక్కటే ఊపిరి. రెండున్నరకి అయిదు సెకన్లకొకటి. మూడింటికి తొమ్మిది సెకన్లకొకటి. మూడూ పదిహేనుకి పధ్నాలుగు. మూడూ పద్దెనిమిది తర్వాత లేదు.”

ఆమె కాగితం బల్ల మీద పెట్టింది.

ఇన్‌స్పెక్టర్ సైగ చేశాడు. కానిస్టేబుల్ డైరెక్టర్ బీరువాలో దొరికిన అట్టపెట్టెని బల్ల మీద పెట్టాడు. పెట్టె మీద ‘సేఫ్టీ బెల్టులు – 4’ అని ఉంది. లోపల మూడు కొత్తవి. వాటి కింద ఒకటి పాతది, నడుం దగ్గర తెగిపోయింది. చెమటకి రంగు మారిపోయింది.

“కొత్తవి వచ్చి నాలుగు నెలలైంది. బాబాయికి ఎందుకివ్వలేదు?”

“స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కలేదు. సంతకం కావాలి.”

“ఎవరి సంతకం?”

డైరెక్టర్ కళ్లజోడు తీశాడు. ఈసారి తుడవలేదు.

“నాదే.”

ఆ తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు. పైన బెల్ట్ తెగింది. బాబాయి పడ్డాడు. మొదట తనకి నిజంగానే కాపాడాలనిపించిందట. మలుపు దాకా పరుగెత్తి, పన్నెండేళ్ల కిందట తనే పెట్టిన నియమం తనే తప్పి, జీపు టవర్ కిందకి తెచ్చాడట. ఎత్తి పడుకోబెట్టాలని వంగితే బాబాయి కదల్లేదట. చెయ్యి పట్టుకుని చూస్తే నాడి తగల్లేదట. పోయాడనుకున్నాక బెల్ట్ కనిపించింది. ఆ బెల్ట్ బాగుందని ఏడాది మొదట్లో సంతకం పెట్టింది కూడా తనే. కేంద్రం మూసేస్తారని భయమేసిందట. తెగినదాన్ని విప్పుకుని, జీపులో వెనక పడున్న పెట్టెలోంచి కొత్తదొకటి తీసి మేకుకి తగిలించాడు. తెగినదాన్ని అదే పెట్టెలో అడుగున పెట్టి, పెట్టెని తెచ్చి బీరువాలో దాచాడు. మర్నాడు గ్రాఫు చూశాడు. ఆ వేళంతా ఖాళీగా ఉంది. అమ్మయ్య అనుకున్నాడు. ఆ ఖాళీలో ఏముండేదో అన్న ఆలోచనే రాలేదు. చచ్చిపోయిన మనిషికి ఊపిరేమిటి.

“ఆస్పత్రి మీరు వెళ్లిన రోడ్డు మీదే ఉంది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “టవర్ నుంచి ఇరవై అయిదు నిమిషాలు. దాని ముందు నుంచే వెళ్లారు.”

“పోయాడనుకున్నానండీ. దేవుడి మీద ఒట్టు, పోయాడనే అనుకున్నాను.”

“ఆకు ఊపిరి లెక్కపెడతారు మీరు. ఆయన ముక్కు దగ్గర వేలు పెట్టి చూడలేకపోయారా?”

డైరెక్టర్ బల్ల మీద తల వాల్చేశాడు. ఆ అమ్మాయి ఆయన్ని తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

“నాన్న ఏమైనా అన్నాడా సార్?”

డైరెక్టర్ తల ఎత్తకుండానే చెప్పాడు. పడగానే రెండు మాటలన్నాడట. గొట్టం దగ్గర నుంచి లేపండి, అమ్మాయికి పని పెరుగుతుంది.

డ్రైవర్ గోడ వైపు తిరిగిపోయాడు. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇన్‌స్పెక్టర్ ఎన్నో మరణ వాంగ్మూలాలు విన్నాడు. ఇలాంటిది వినలేదు.

పన్నెండింటికి డైరెక్టర్‌ని తీసుకెళ్లారు. డ్రైవర్ చేతులు పట్టుకుని ఇన్‌స్పెక్టర్ క్షమాపణ చెప్పాడు. ముడి లెక్కకి రెండు కాపీలు తీసి సీల్ వేశారు.

గదిలో ఇద్దరే మిగిలారు.

“మీరడిగినదానికి జవాబు దొరికిందమ్మా. మీ నాన్న కావాలని పోలేదు. తొంభై ఏడు నిమిషాలు ఉండడానికే ప్రయత్నించాడు.”

“తెలుసు సార్.” ఆమె స్క్రీన్ వైపు చూస్తూనే ఉంది. “నాలుగున్నరకి నేను చూసేసరికే అయిపోయింది. అదీ తెలుసు. కొట్టేసేటప్పుడు నవ్వుకున్నాను సార్. బాగా నిద్రపట్టిందే అనుకున్నాను. దానికేం చేయను?”

ఈసారి ఇన్‌స్పెక్టర్ తెలీదమ్మా అని మాత్రం అనలేదు. లేచి వెళ్లకుండా అక్కడే కూర్చున్నాడు.

కాసేపటికి ఆమె కళ్లు తుడుచుకుని మౌస్ అందుకుంది. ఏం చేస్తున్నావమ్మా అని అడిగాడు.

కాపీలు మీ దగ్గరున్నాయి కదా అంది. ఇక్కడ మాత్రం మళ్లీ కొట్టేయాలి. మనిషి ఊపిరి అడవి లెక్కలో ఉండకూడదు. నాన్న ఉంటే ఇదే చెప్పేవాడు. కారణం మాత్రం తప్పు రాశాను, అది దిద్దాలి.

పక్క గడిలో ‘నాన్న. నిద్ర.’ అని ఉంది. ఆమె ఆ రెండో మాట చెరిపేసింది. చాలాసేపు కీబోర్డ్ మీద వేళ్లు పెట్టుకుని కూర్చుంది. తర్వాత నెమ్మదిగా టైప్ చేసింది.

‘నాన్న. 3:18 దాకా ఉన్నాడు.’

ఆ వరుసలన్నీ ఎంచి, కొట్టేసింది.